జంజీరా పడవలో మనుమలతో

ముంబయికి వచ్చి నలభై ఏండ్లు దాటినా నేను సముద్రం మీద పడవ ఎక్కలేదంటే మీరు నవ్వుతారు. కాని మన మిల్లు కుటుంబాలలో నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు. వర్లీ సముద్రం మా చాళీకి పది నిమిషాల నడక. పాళీ దిగినాక గోడ మీద కూచుని శనగలు తిన్నాము, పిల్లలకు అలలు చూపించినాము, ఇంటికి వచ్చినాము. అంతకు మించి సముద్రంతో మనకు పని పడలేదు.

మా కొడుకు ఏడేండ్లప్పుడు ఒకసారి అడిగినాడు. బడిలో పిల్లలందరూ ఎలిఫెంటా చూసి వచ్చినారట. "బాపూ, మనం గూడ పడవల పోదాం" అన్నాడు. అప్పుడు నా నెత్తిన అప్పు ఉన్నది. నలుగురికి టికెట్టు అంటే పది రోజుల కూరగాయల ఖర్చు. "వచ్చే నెల" అన్నాను. ఆ వచ్చే నెల రాలేదు. వాడు మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఇన్నేండ్లు గుర్తుంది.

ఇప్పుడు వాడు దుబాయిలో ఉద్యోగం. మూడేండ్ల కింద డిసెంబరు సెలవులకు కోడలిని, ఇద్దరు పిల్లలను తీసుకొని వచ్చినాడు. మనుమడికి పదకొండేండ్లు, మనుమరాలికి ఏడు. వచ్చిన రెండో రోజే వాడు అన్నాడు, "బాపూ, ఈసారి అందరం కలిసి పడవల తిరుగుదాం. గోవా పోదామా? పెద్ద ఓడలుంటయి, ఖర్చు నాది."

నేను గోవా వద్దన్నాను. "మురుడ్ పోదాం. అక్కడ సముద్రం నడుమ జంజీరా కోట ఉంది. తెరచాప పడవలల్ల తీస్కపోతరు" అని చెప్పినాను. మా ఇంటామె నా మొఖం చూసింది. ఏమీ అనలేదు. నేను మురుడ్ పేరు ఎందుకు ఎత్తినానో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

పొద్దున్నే ట్యాక్సీలో గేట్‌వే ఆఫ్ ఇండియాకు పోయినాము. అక్కడి నుంచి మాండ్వాకు లాంచీలు పోతాయి. గంట ప్రయాణం. మాండ్వాలో దిగితే అలీబాగ్ దాకా బస్సు, దాని పైసలు లాంచీ టికెట్టులోనే ఉంటాయి. ఇంటామె పులిహోర చేసింది, సకినాలు డబ్బాలో సర్దింది. నేను నా సంచిలో ఒక చిన్న గుడ్డమూట పెట్టుకున్నాను. అదేమిటో ఎవరికీ చెప్పలేదు.

లాంచీ కదలగానే తాజ్ హోటలు, గేట్‌వే రెండూ చిన్నగా అయిపోయినాయి. నౌకాదళం ఓడలు, లంగరు వేసిన సరుకు ఓడలు పక్కనుంచి పోతున్నాయి. తెల్ల పక్షులు లాంచీ వెంట ఎగురుతూ జనం విసిరే చిరుతిండి గాలిలోనే అందుకుంటున్నాయి. మనుమరాలు మొదట కేకలు వేసింది. కొంచెం సేపటికి మొఖం వాడిపోయింది, బాపమ్మ ఒడిలో తల పెట్టి కక్కుకున్నది. ఇంటామె నిమ్మకాయ వాసన చూపించి, దూరంగా ఒడ్డు మీది కొండను చూడమన్నది. కదలని దాన్ని చూస్తూ ఉంటే కడుపులో తిప్పుడు తగ్గుతుంది. అది నిజమే. మాండ్వా వచ్చేసరికి పిల్ల మళ్లీ వడాపావ్ అడిగింది.

ఆ రాత్రి అలీబాగ్‌లో ఉన్నాము. సముద్రం పోటు తగ్గినప్పుడు అక్కడి కొలాబా కోటకు నడిచే పోవచ్చు. మళ్లీ పోటు వస్తే దారి మునిగిపోతుంది. మరునాడు తెల్లవారుజామునే ఒక బండి మాట్లాడుకొని మురుడ్ వైపు బయలుదేరినాము. రేవదండా, కోర్లై, కాశీద్ మీదుగా దారి. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొబ్బరి, వక్క తోటలు. కాశీద్ దగ్గర సరుగుడు చెట్లు. నేను కిటికీలోంచి ఊరి పేర్ల బోర్డులు చదువుతున్నాను. అవన్నీ నాకు ముప్పై నలభై ఏండ్ల కిందనే విన్న పేర్లు. సాంచా ఖాతాలో, సాంచెల మోతలో, చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెబుతుంటే విన్న పేర్లు.

ఇక్కడ నా జోడీదారు సంగతి చెప్పాలి.

నేను 1975లో బదలీగా మిల్లులో చేరినాను. పని నేర్పింది ఆయన. మరాఠీ మనిషి, మురుడ్ పక్క కోళీవాడ. అన్న ఊళ్లో పడవ నడుపుతుంటే ఈయన మిల్లుకు వచ్చినాడు. నాకంటే ఆరేండ్లు పెద్ద. ఆయనకు రెండు సాంచెలు, నాకు రెండు, ఎదురెదురుగా. ఒకరు బయటికి పోతే ఇంకొకరు నాలుగూ చూసుకునేవాళ్లము. నాడెలో కండె అయిపోయేది ఎప్పుడో చప్పుడును బట్టి ఎట్లా తెలుస్తుందో, తెగిన పోగును ఎక్కువ సాగదీయకుండా ఎట్లా ముడి వేయాలో ఆయనే చూపించినాడు. నాకు మరాఠీ రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా దోస్తానా కుదిరింది. మధ్యాహ్నం ఆయన డబ్బాలో ఎండుచేప, నా డబ్బాలో పచ్చిపులుసు. "మా ఊరికి రా, పడవలో కోట చుట్టూ తిప్పుత" అని ప్రతి దీపావళికీ అనేవాడు. నేను "వచ్చే ఏడు" అనేవాణ్ణి.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. ఆ సంగతులు మన పాఠకులకు కొత్తగా చెప్పే పని లేదు. డాక్టర్ దత్తా సామంత్ వెనుక రెండున్నర లక్షల మందిమి బయటికి వచ్చినాము. నెలో రెండు నెలలో అనుకున్నాము. కొంకణం వాళ్లు చాలామంది ఊళ్లకు పోయినారు, అక్కడ ఇంత వరిమడి అయినా, వల అయినా ఉంటుంది కనుక. నా జోడీదారు కూడా పోయినాడు. పోయేముందు తన హుక్కు నాకిచ్చినాడు. తెగిన పోగును అచ్చులోంచి, పన్నె సందులోంచి లాగే చిన్న ఇనుప హుక్కు. పట్టుకునే చోట నున్నగా అరిగి ఉంటుంది. "మా ఊళ్లె ఉప్పుగాలికి తుప్పు పడతది. మిల్లు తెరిచినంక ఇద్దువుగాని" అన్నాడు.

నేను ఇంటామెను, ఏడాది నిండని కొడుకును కరీంనగర్ జిల్లాలో మా ఊరికి పంపి, భావుచా ధక్కా మీద చేపల గంపలు మోసినాను. మరుసటి ఏడు వాళ్లు తిరిగి వచ్చినారు. పిల్లవానికి జ్వరం, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ జేబులో పెట్టుకొని మూడు రోజులు తిరిగినాను. నాలుగో రోజు రాత్రి జాబర్ మా చాళీకి వచ్చి "రేపు పొద్దున ఏడుకు వస్తే పని" అన్నాడు. సమ్మె విడిచినట్టు ఎవరూ ప్రకటించలేదు. నేను పోయినాను. నా రెండు సాంచెలు ఇచ్చినారు. పక్కవి రెండు కూడా ఇచ్చినారు. అవి ఆయనవి.

ఆయన 1984లో ఒకసారి మిల్లు గేటు దగ్గరికి వచ్చినాడు. అప్పటికి పాతవాళ్లను చాలామందిని తీసుకోనే లేదు. మూడున్నరకు పాళీ విడిచి నేను బయటికి వస్తున్నాను. ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా జేబులో ఆయన హుక్కు ఉంది. నేను తల వంచుకొని పక్కనుంచి పోయినాను. వెనుక నుంచి "బాగున్నవు గద?" అని ఒక్క మాట వినబడింది. నేను తిరిగి చూడలేదు. అదే ఆఖరు.

ఆ హుక్కుతోనే ఇరవై ఏండ్లు పని చేసి ఇంటికి వచ్చినాను. నా సంచిలో గుడ్డమూట అదే.

మురుడ్ దాటి నాలుగైదు కిలోమీటర్లు పోతే రాజపురి అనే చిన్న ఊరు. అక్కడి రేవు నుంచే కోటకు పడవలు. కోట ఎదురుగా నీళ్లలోంచి లేచినట్టు నల్లగా కనబడుతుంది. మనుమడు అడిగిన మొదటి ప్రశ్న, "తాతా, ఇంజన్ ఏదీ?" దుబాయిలో వాళ్లు ఎక్కిన పడవలో ఏసీ, భోజనం, పాటలు ఉన్నాయట. ఇక్కడ చెక్క పడవ, నడుమ ఒక గుంజ, దానికి ఏటవాలుగా కట్టిన పొడుగు వాసం, ఆ వాసానికి మూడు కోణాల తెరచాప. అంతే. "గాలే ఇంజన్" అని చెప్పినాను. "గాలి రాకపోతే?" అన్నది చిన్నది. తండేల్ నవ్వి తెడ్లు చూపించినాడు.

మా కొడుకు పూర్తి పడవ కిరాయికి మాట్లాడినాడు. తండేల్ నా ఈడువాడే, తోడుగా ఇద్దరు పిలగాళ్లు. పిల్లలకు తేలే జాకెట్లు ఇవ్వమని కోడలు గట్టిగా అడిగింది. ఇచ్చినారు. ఆమె మాకు కూడా వేయించింది. ఇంటామె చీర మీద ఆ నారింజ జాకెట్టు చూసి అందరం నవ్వినాము.

పొద్దుటి పూట గాలి నేల మీది నుంచి సముద్రం వైపు పోతుంది. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది, నీళ్లు వెచ్చగా ఉంటాయి, అందుకని. మరాఠీలో దాన్ని మతలై గాలి అంటారు. మధ్యాహ్నం నేల వేడెక్కినాక గాలి తిరుగుతుంది, సముద్రం నుంచి ఒడ్డుకు వస్తుంది. అది ఖారే గాలి, అంటే ఉప్పుగాలి. "పొద్దున తోలుకపోతది, పగటీలి తోలుకొస్తది. మా తాతలు దీని మీదనే బతికినరు" అని తండేల్ మనుమడికి చెప్పినాడు. వాడికి మరాఠీ రాదు. నేను తెలుగులో చెప్పినాను. వాడు దాన్ని చెల్లెకు ఇంగ్లీషులో చెప్పినాడు. ఒక గాలి సంగతి మూడు భాషలు తిరిగింది.

ఆ రోజు గాలి పలచగా ఉంది. కొంచెం దూరం పోయినాక తెరచాప వదులైపోయింది, పడవ నిలబడిపోయినట్టు అయింది. అప్పుడు తండేల్ ఒక పిలగానికి సైగ చేసినాడు. వాడు డబ్బాతో సముద్రం నీళ్లు ముంచి తెరచాప మీద చల్లినాడు. రెండు మూడు సార్లు చల్లగానే గుడ్డ బిగిసింది. పడవ మెల్లగా మళ్లీ కదిలింది.

"తాతా, ఎందుకు తడిపిండు?" అన్నాడు మనుమడు.

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఏండ్ల తరబడి అదే పని. లేచి తెరచాప అంచు పట్టుకొని వేళ్లతో చూసినాను. మందపాటి పత్తి గుడ్డ. పడుగులో రెండేసి పోగులు జోడించి, పేకలో ఒక్కటి, ఒకటి పైకి ఒకటి కిందికి నేసిన సాదా నేత. అక్కడక్కడ అతుకులు. "పత్తి నూలు తడిస్తే ఉబ్బుతదిరా. పోగు పోగుకు నడుమ సందులు మూసుకపోతయి. అప్పుడు గాలి అందులకెల్లి జారిపోదు, గుడ్డను నూకుతది" అని చెప్పినాను. ఇంకో సంగతి కూడా చెప్పినాను. పత్తి పోగు తడిస్తే బలం పెరుగుతుంది, ఎండితే పెళుసుగా తెగుతుంది. అందుకే సాంచా ఖాతాలో గాలిలోకి నీటితుంపర వదిలేవారు. మా చొక్కాలు పొద్దంతా తడిగానే ఉండేవి. 1854లో కావస్జీ దావర్ మొదటి మిల్లు పెట్టింది మొదలు ఈ ఊళ్లో అన్ని మిల్లులు నడిచినాయంటే ఈ సముద్రపు తేమ కూడా ఒక కారణమే. పడవ తెరచాపకు కావలసింది, సాంచె మీది నూలుకు కావలసింది ఒక్కటే.

మనుమడు గుడ్డను పట్టుకొని చూసినాడు. "తాతా, నువ్వు ఇది చేసినవా?" అన్నాడు. "ఇది కాదు. ధోతులు, లాంగ్‌క్లాతు" అన్నాను. వాడు నన్ను ఆ రోజు కొత్తగా చూసినట్టు చూసినాడు. దుబాయిలో ఫోను మీద మాట్లాడే తాత ఏం పని చేసేవాడో వానికి అంతకుముందు తెలియదు.

తండేల్ నా వేళ్లనే చూస్తున్నాడు. "మిల్లు మనిషివా?" అన్నాడు. అవునన్నాను. "మా వాడల నుంచి గూడ పోయిండ్రు" అన్నాడు. అప్పుడు అడిగినాను. ఆయన పేరు, మిల్లు పేరు, అన్న పడవ సంగతి చెప్పినాను. తండేల్ చుక్కాని మీది చేయి తీయకుండా కొంచెం సేపు ఊరుకున్నాడు.

"పోయి ఆరేండ్లయింది. వదిన ఉంది. ఇల్లు చూపిస్త" అన్నాడు.

కోట దగ్గరికి పోయేదాకా దాని తలుపు ఎక్కడున్నదో తెలియదు. గోడల నడుమ అట్లా దాచి కట్టినారు. పడవ మెట్ల దగ్గర పైకీ కిందికీ ఊగుతుంటే, పైకి లేచిన క్షణం చూసి పిలగాళ్లు చేయి పట్టుకొని ఒక్కొక్కరినే దింపినారు. ఇంటామె దిగేటప్పుడు నాకు గుండె దడదడలాడింది. ఆమె మాత్రం లోకల్ ట్రైను దిగినట్టు దిగింది.

జంజీరా అంటే అరబ్బీ మాట జజీరా, ద్వీపం అని. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు దీన్ని ఏలినారు. మరాఠాలు, పోర్చుగీసువాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఎవరూ దీన్ని గెలవలేకపోయినారు. శంభాజీ 1682లో ఒడ్డు నుంచి కోట దాకా సముద్రంలో రాళ్లు పోసి బాట కట్టబోయినాడు. అదీ కుదరలేదు. 1948లో ఈ సంస్థానం మన దేశంలో కలిసింది. బురుజు మీద కలాల్ బాంగ్డీ అనే పెద్ద ఫిరంగి ఉంది. చిన్నది దాని మీద ఎక్కి కూచుంటానన్నది. లోపల మంచినీళ్ల చెరువులు ఉన్నాయి. చుట్టూ ఉప్పు సముద్రం, నడుమ తీపి నీళ్లు.

పిల్లలు బురుజులు ఎక్కుతుంటే నేను చెరువు మెట్ల మీద కూచున్నాను. కొడుకు వచ్చి పక్కన కూచున్నాడు. "ఏమైంది బాపూ? పడవల ఆ ముసలాయన ఏమో చెప్పిండు, అప్పటిసంది నువ్వు మాట్లాడుతలేవు" అన్నాడు.

అప్పుడు చెప్పినాను. మూట విప్పి హుక్కు చూపించినాను. జ్వరం సంగతి, మందుల చీటీ సంగతి, జాబర్ వచ్చిన రాత్రి, మిల్లు గేటు, అన్నీ చెప్పినాను. వాడు హుక్కును చేతిలో పట్టుకొని చాలాసేపు చూసినాడు.

"నా కోసమని నాకెప్పుడు చెప్పలె" అన్నాడు.

"చెప్తే నీ మీద పెట్టినట్టయితది. పోయింది నేను. నువ్వు కాదు" అన్నాను.

వాడు ఇంకేమీ అనలేదు. లేచేటప్పుడు నా చేయి పట్టుకొని లేపినాడు. అది నా మోకాళ్ల కోసమే కావచ్చు.

తిరుగు ప్రయాణంలో గాలి మారింది. తండేల్ చెప్పినట్టే సముద్రం వైపు నుంచి వచ్చింది, ఈసారి గట్టిగానే. తెరచాప నిండి పడవ ఒక పక్కకు వాలింది. పిల్లలు కేకలు వేసినారు. కొడుకు తండేల్‌తో మాట్లాడి వెంటనే ఒడ్డుకు పోనివ్వలేదు. ఖాడీ అవతల దిఘీ వైపు దాకా ఒక చుట్టు తిప్పించినాడు. గాలికి ఎదురు పోవాలంటే పడవ నేరుగా పోదు, ఒకసారి ఇటు, ఒకసారి అటు, అడ్డదిడ్డంగా నడిపిస్తూ పోవాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ పొడుగు వాసాన్ని గుంజకు అటువైపు మార్చినారు, మేమందరం తలలు వంచుకున్నాము. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోయినట్టే అనిపించింది నాకు. మనుమడు తండేల్ పక్కన కూచుని చుక్కాని పట్టుకున్నాడు. మా కొడుకు ముందు వైపున కాళ్లు చాపుకొని కూచున్నాడు. నలభై ఏండ్లు దాటిన మనిషి, ఏడేండ్ల పిలగాని లెక్క ఉన్నాడు. "వచ్చే నెల" అన్న మాట నా నోటి నుంచి పోయి ఎన్నేండ్లు అయిందో లెక్క పెట్టుకున్నాను.

రేవులో దిగినాక తండేల్ మమ్మల్ని ఆ ఇంటికి తీసుకుపోయినాడు. వాకిట్లో ఎండబెట్టిన చేపలు, చెట్టుకు వేలాడుతున్న వల. గోడకు ఆయన ఫోటో, పూలదండ. ఫోటోలో నాకు తెలియని ముసలివాడు ఉన్నాడు. కండ్లు మాత్రం ఆయనవే.

ఆమెకు నేను నా పేరు చెప్పగానే "ఎదురు సాంచెల తెలుగాయనవా?" అన్నది. కూచోమన్నది. చాయ్ పెట్టింది. నేను చాయ్ తాగకముందే చెప్పాలనుకున్నాను. "వదినా, ఆయన సాంచెలు నేనే నడిపిన" అన్నాను.

"తెలుసు" అన్నది ఆమె. "ఎవరో ఒకరు నడుపుతరు గద, తెల్వనోడు నడిపేకంటె నయమే అనేటోడు. దానికి కోపం లేకుండె." కొంచెం ఆగి మళ్లీ అన్నది, "గేటు కాడ నువ్వు తల వంచుకొని పోయినవంట. అది మాత్రం యాది చేసుకునేటోడు. మాట్లాడితే అయిపోవునే అనేటోడు."

నేను ఏమనాలి? ఏమీ లేదు. అవునన్నాను. తప్పయిందన్నాను. ఆ మాట ఆయనకు చెప్పవలసింది, ఆయన ఫోటో ముందు ఆమెకు చెప్పినాను.

హుక్కు ఇచ్చినాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మనుమడు, తొమ్మిదో పదో ఏండ్లవాడు, ఇదేమిటని అడిగినాడు. నేను కోడలి దగ్గర దువ్వెన అడిగి, ఇంటామె కొంగు అంచు నుంచి ఒక పోగు తీసి, దువ్వెన పళ్ల సందులోంచి హుక్కుతో ఆ పోగును ఎట్లా లాగుతారో చూపించినాను. నా మనుమడు, ఆమె మనుమడు వంతులేసుకొని చేసినారు. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. నాకూ వాళ్ల తాతకూ మొదట్లో కలవలేదు.

హుక్కును ఆమె ఫోటో కింద అరలో పెట్టుకున్నది. సకినాల డబ్బా అంతా అక్కడే ఇచ్చి, ఆమె ఇచ్చిన ఎండుచేపల పొట్లం తీసుకొని వచ్చినాము. ముంబయి వచ్చేదాకా బండి అంతా ఆ వాసనే. కోడలు కిటికీ తెరిచి కూచున్నది కాని ఒక్క మాట అనలేదు.

మన పత్రిక చదివేవాళ్లలో ఎవరైనా పిల్లలతో అట్లా పోదామనుకుంటే నాలుగు మాటలు. వానాకాలంలో పోవద్దు, గేట్‌వే లాంచీలు, కోట పడవలు రెండూ ఆగిపోతాయి. డిసెంబరు, జనవరి మంచిది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రండి, గాలి రెండు వైపులా సాయం ఉంటుంది. పోటు ఎప్పుడో రేవులో ముందే అడగండి. జాకెట్లు లేని పడవ ఎక్కవద్దు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మెట్ల దగ్గర తొందరపడవద్దు. నీళ్ల సీసా, టోపీ, నిమ్మకాయ దగ్గర ఉంచుకోండి.

ఇంకొకటి. సమ్మె నాటి సంగతులు మనలో చాలామంది కడుపులో పెట్టుకొని ఉన్నారు. ఎవరు లోపలికి పోయినారు, ఎవరు బయట ఉన్నారు అని మన చాళీలలోనే మాటలు తెగిపోయిన ఇండ్లు ఉన్నాయి. ఇప్పుడు అందరికీ అరవై, డెబ్బై దాటినాయి. ఎవరితోనైనా మాట బాకీ ఉంటే, నాలాగా ఆరేండ్లు ఆలస్యంగా పోకండి. మనిషి ఉన్నప్పుడే పోండి.

మా మనుమడు దుబాయి నుంచి పోయిన వారం ఫోను చేసినాడు. బడిలో పడవ మీద ఏదో రాయమన్నారట. "తాతా, తెరచాప తడిపితే ఎందుకు పోతదో మళ్లొకసారి చెప్పు" అన్నాడు. చెప్పినాను.